రెండు రాత్రులు, రెండు దెయ్యాల టూర్లు: న్యూయార్క్‌లో అక్టోబరు

మొదటి రాత్రి మోసపోకపోతే ఇది రాసేదాన్ని కాదు. అక్టోబరు వస్తే న్యూయార్క్‌లో దెయ్యాల టూర్లకు లెక్కలేదు. శుక్రవారం మేం వెళ్ళింది వీధుల్లో నడుస్తూ వినేది. మనిషికి 36 డాలర్లు, నలుగురికి 144. గంటన్నర అని రాశారు, 55 నిమిషాల్లో ముగించారు. ముప్ఫై మందికి ఒక్క గైడు, నడుముకి చిన్న స్పీకరు, పక్కన బస్సుల రొద. వాషింగ్టన్ స్క్వేర్ పార్కు ఒకప్పుడు దిక్కులేని శవాలను పాతిపెట్టిన శ్మశానం. ఆ నేల మీదే నిలబడ్డాం, ఎంత చెప్పొచ్చు! గైడు రెండు నిమిషాల్లో తేల్చేసి, ఒక బార్ ముందు ఆపి, టిప్పు కోసం క్యూఆర్ కోడ్ చూపించాడు. మా ఆయన ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మ, "ఇంతకీ కథేదే?" అని రెండుసార్లు అడిగింది.

మర్నాటి రాత్రికి మర్చంట్స్ హౌస్ మ్యూజియంలో దెయ్యాల టూరు టికెట్లు సెప్టెంబరులోనే కొని ఉన్నాం కాబట్టి కదిలాం, లేకపోతే ఎవరికీ మనసు లేదు. జెర్సీ సిటీ నుంచి న్యూయార్క్‌కి నడిచే పాత్ రైల్లో తలా 3 డాలర్లు అయ్యాయి. నైన్త్ స్ట్రీట్‌లో దిగి నడిచాం. కారు మాత్రం తీయకండి.

ఈస్ట్ ఫోర్త్ స్ట్రీట్‌లో 1832లో కట్టిన ఎర్ర ఇటుకల ఇల్లే ఈ మ్యూజియం. ఇనుప సామాన్ల వ్యాపారి ట్రెడ్‌వెల్ 1835లో కొన్నాడు. ఆఖరి కూతురు గెర్ట్రూడ్ 1840లో అక్కడే పుట్టింది, పెళ్ళి చేసుకోలేదు, 1933లో అక్కడే పోయింది. వాళ్ళ కుర్చీలు, మంచాలు ఇంకా ఉన్నాయి. ఆ తండ్రి 1865లో పోయాడు. అక్టోబరులో ఆ చావింటిని మళ్ళీ కళ్ళకు కట్టిస్తారు: ముందు గదిలో శవపేటిక, అద్దాలకు నల్లగుడ్డలు.

మాకు కథ చెప్పినావిడకు మైకు లేదు, కేకలు లేవు. కొవ్వొత్తుల వెలుతురులో నెమ్మదిగా చెప్పింది. తోబుట్టువులు ఒక్కొక్కరూ పోయాక, డబ్బు కరిగిపోతుంటే, గెర్ట్రూడ్ ఆ ఇంట్లోనే ఎలా గడిపిందో చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది. దెయ్యం ఆ తర్వాతే వచ్చింది. ఆమె పోయాక ఒకరోజు వీధిలో పిల్లలు గోలగా ఆడుకుంటుంటే తలుపు తెరుచుకుని ఒక ముసలావిడ బయటికొచ్చి కసిరిందట. చూసినవాళ్ళు గెర్ట్రూడ్ అనే అన్నారట. మా పధ్నాలుగేళ్ళ పిల్ల ఫోను జేబులో పెట్టి నా చెయ్యి పట్టుకుంది. పై అంతస్తులో ఐరిష్ పనిమనుషుల గది చూసేదాకా వదల్లేదు.

ఒక్క హెచ్చరిక. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి. అమ్మ సగంలో ఆగిపోతే అక్కడి అమ్మాయి అడగకముందే కుర్చీ తెచ్చి వేసింది. ముందు రాత్రి పోయిన 144 డాలర్ల బాధ నాకు అక్కడ తగ్గింది.

ఇంటికి చేరేసరికి పదకొండు. శవపేటిక చూసొచ్చాం కాబట్టి తలస్నానం చేయకుండా ఎవరూ ఏమీ ముట్టుకోవద్దని అమ్మ గుమ్మంలోనే చెప్పింది. చేశాం. జుట్టు ఆరబెట్టుకుంటూ, "పిల్లాజెల్లా లేదన్నావు కదే, ఆవిడ పేరు మీద ఏడాదికోసారి ఎవరైనా ఇంత పెడతారా?" అంది. మోకాళ్ళకు మందు రాయించుకుంటూనే, డిసెంబరులో ఊరికి వెళ్ళేలోగా ఆ ఇంటికి పగటిపూట ఇంకోసారి తీసుకెళ్ళమంది.