శోకం తీసే ఏడుపు, సెల్లార్‌లో మౌనం

పరకాల దగ్గర మా ఊళ్లో చావుకు పోతే ఏడుపు గడప బయటే మొదలవ్వాలి. వచ్చినామె శవం మీద పడి, "నాకెవరు దిక్కే అవ్వా" అని రాగం తీస్తూ పోయినామె పడ్డ కష్టాలన్నీ వరసగా చెబుతుంది. ఒకసారి మా మేనత్త శోకం మధ్యలో ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "పిల్లలు చాయ్ తాగిన్రా?" అని నన్నడిగింది. ఇంతలో వాకిట్లో ఆటో ఆగింది, మళ్లీ అందుకుంది. అంతా నటనే అనుకున్నాను. కానీ దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, తల్లి చెవిలో కొడుకు మూడుసార్లు పిలిచినప్పుడు అత్త నోట మాటే రాలేదు.

హనుమకొండ అపార్ట్‌మెంట్‌లో పద్ధతి వేరు. సెల్లార్‌లో ఫ్రీజర్ బాక్స్, ప్లాస్టిక్ కుర్చీలు. దండ వేస్తూ ఫొటో పడిందా అని ఓ కన్ను. "ఎట్లయింది?" అని గుసగుస, ఆ వెంటనే ప్లాట్ల రేట్లు. ఇక్కడ గట్టిగా ఏడిస్తే పక్కవాళ్లకే ఇబ్బంది. అదీ ఒక వేషమే, కాకపోతే డైలాగులు తక్కువ.

నన్నడిగితే అత్త వైపే. ఆమె శోకంలో పోయినామె ఎవరికి గింజలు పెట్టిందో, ఎవరితో మాట పడిందో అన్నీ తెలుస్తాయి. సెల్లార్‌లో మాత్రం పోయినామె పేరు కూడా ఫ్లెక్సీ చూసి తెలుసుకున్నాను.