హైదరాబాద్ నుంచి విశాఖకు పికప్ వ్యానులో మోటారు సైకిల్: రవాణా సేవపై సమీక్ష

ఉద్యోగ బదిలీపై హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి ఇల్లు మారినప్పుడు, 195 కిలోల బరువున్న నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మోటారు సైకిల్‌ను ఇంటి సామానుతోపాటు బొలెరో పికప్‌లో చేర్చిన రవాణా సంస్థ పనితీరు నాకు ఎంతో నచ్చింది. ఇద్దరు పనివాళ్లు బండిని వెడల్పాటి చెక్క మీదుగా నెమ్మదిగా ఎక్కించి, ముందు చక్రాన్ని క్యాబిన్ వైపు రేకుకు ఆనించి, సైడ్ స్టాండుపై భారం పడకుండా నిటారుగా నిలబెట్టి, ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే స్ప్రింగు గొట్టాలు) కొద్దిగా కిందికి అణిగేదాకా రాచెట్ పట్టీలను (పిడి ఆడించి బిగించే గట్టి పట్టీలను) రెండు వైపులా సమానంగా బిగించారు. పట్టీ ట్యాంకుకు రాసుకునే చోట పాత దుప్పటి మడిచి పెట్టడం చూశాక నాకు పూర్తి ధైర్యం వచ్చింది. మామూలు తాళ్లతో కట్టేస్తామనే వారికి బండి అప్పగించవద్దు. గతుకుల్లో ముడి వదులైతే బండి ఒరిగిపోతుంది. విజయవాడలో ఆగినప్పుడు డ్రైవరు పట్టీలను మళ్లీ బిగించి ఫొటో పంపారు. అయితే, బండిపై అప్పటికే ఉన్న గీతలను రసీదులో నమోదు చేయకపోవడం లోపమే కనుక, ఎక్కించే ముందు అన్ని వైపులా ఫొటోలు తీసి ఉంచుకోవాలి.