అనంతపురం ఎంబీఏ క్లాసులో ఏఐ: ఇన్ని బ్యాచ్‌లు చూశాక నా సమీక్ష

అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ పిల్లలకు ఆపరేషన్స్, మార్కెటింగ్ చెబుతాను. 2023లో చాట్‌జీపీటీ మా క్లాసుల్లోకి తనంతట తానే వచ్చింది. ముందు పిల్లల ఫోన్లలోకి, అక్కడి నుంచి అసైన్‌మెంట్లలోకి, ఆ తర్వాత ప్రాజెక్టు రిపోర్టుల్లోకి. కొన్నాళ్ళకు కాలేజీ కూడా పూనుకుంది. వర్క్‌షాపులు పెట్టారు, ల్యాబ్‌లో టైం కేటాయించారు, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో చేర్చారు. 2025ను దేశంలో సాంకేతిక, మేనేజ్‌మెంట్ విద్యను చూసే ఏఐసీటీఈ సంస్థ కృత్రిమ మేధ సంవత్సరంగా ప్రకటించాక ఈ ఊపు ఇంకా పెరిగింది. పాఠాలకు, ఉద్యోగ ప్రయత్నాలకు ఇది మాకు ఎంతవరకు పనికొచ్చిందో, ఎక్కడ దెబ్బ కొట్టిందో రాస్తున్నాను. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి కాలేజీ వెతుక్కుంటున్న పిల్లలు, వాళ్ళ ఇళ్ళలోవాళ్ళు చదవాలని నా కోరిక.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మా పిల్లలు ఏఐ చేత జవాబులు రాయించుకున్న ప్రతిచోటా నష్టపోయారు. దాని చేత ప్రశ్నలు అడిగించుకున్న చోట బాగుపడ్డారు. మా కాలేజీలో ఈ రెండోది జరిగింది తక్కువ, జరిగినప్పుడు మాత్రం ఫలితం కళ్ళకు కనిపించింది.

మా దగ్గరికి కళ్యాణదుర్గం, రాయదుర్గం, ధర్మవరం, తాడిపత్రి వైపు నుంచి ఎక్కువమంది వస్తారు. చాలామందిది డిగ్రీ వరకు తెలుగు మీడియం, లేదంటే పేరుకు మాత్రమే ఇంగ్లీషు మీడియం. బుర్ర ఉంది, ఇంట్లో వ్యాపారమో వ్యవసాయమో చూసిన అనుభవం ఉంది. ఇంగ్లీషులో నోరు పెగలదు, అంతే. ఈ పిల్లలకు ఏఐ చేసిన మొదటి మేలు పాఠం అర్థం చేయించడం. సిలబస్‌లోని ఒక యూనిట్ పీడీఎఫ్‌ను గూగుల్ వాళ్ళ ఏఐ సాధనం నోట్‌బుక్ ఎల్‌ఎమ్‌లో పెడితే, అడిగిన దానికి ఆ పీడీఎఫ్‌లోంచే జవాబు తీసి, ఏ భాగంలోంచి తీసిందో చూపిస్తుంది. తెలుగులో అడిగితే తెలుగులో చెబుతుంది. క్లాసులో చెయ్యెత్తి 'మేడమ్, వర్కింగ్ క్యాపిటల్ అంటే మళ్ళీ ఒకసారి చెప్పండి' అని అడగలేని పిల్ల, రాత్రి హాస్టల్‌లో అదే ప్రశ్న దాన్ని ఎన్నిసార్లయినా అడుగుతుంది. అది విసుక్కోకుండా చెబుతుంది. ఇది చిన్న విషయం కాదు. సెమిస్టర్ చివర్లో గైడ్లు కొని బట్టీ పట్టే అలవాటు దీనివల్ల కొంత తగ్గింది కూడా.

అసైన్‌మెంట్ల దగ్గర అసలు గొడవ మొదలైంది. ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నా పాఠం చెప్పే పద్ధతి మారింది దీనివల్లే.

మార్కెటింగ్‌లో ఒక కేసు ఇచ్చాను. చీనీ (బత్తాయి) తోట ఉన్న రైతు కాయను అనంతపురం మార్కెట్ యార్డుకు తోలాలా, తోట దగ్గరే వ్యాపారికి అమ్మాలా? వచ్చిన రిపోర్టులన్నీ చక్కటి ఇంగ్లీషులో ఉన్నాయి. గ్రేడింగ్ చేయాలి, కోల్డ్ స్టోరేజీ కట్టాలి, సొంత బ్రాండ్ పెట్టాలి, వినియోగదారుడికి నేరుగా అమ్మాలి. చీనీ అన్న మాట తీసేసి నాగపూర్ నారింజ అని పెట్టినా ఒక్క వాక్యం మార్చక్కర్లేదు. ఒక్క రిపోర్టులోనూ సూట్ అన్న మాట లేదు. ఈ జిల్లాలో చీనీ అమ్మిన ఏ ఇంట్లోనైనా ఆ మాట తెలుసు. తూకం వేశాక తరుగు పేరుతో తీసేసే కిలోలు అవి. ఉదాహరణకు టన్ను ధర 20,000 రూపాయలు అనుకుని, టన్నుకు 100 కిలోలు సూట్ కింద పోతే రైతు చేతికి వచ్చేది 18,000. అందులోంచి హమాలీ, లారీ బాడుగ ఇంకా పోవాలి. ఈ ఒక్క లెక్క లేకుండా యార్డా, తోటా అన్న ప్రశ్నకు జవాబే లేదు. చీనీ తోటలున్న ఇళ్ళ పిల్లలు కూడా ఆ మాట రాయలేదు. ఎందుకు రాయలేదని అడిగితే ఒకడు 'చాట్‌జీపీటీ ఇయ్యలేదు మేడమ్, అందుకే అది పుస్తకం విషయం కాదేమో అనుకున్యా' అన్నాడు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఇంట్లో కళ్ళారా చూసిన దానికంటే తెర మీద కనబడిందే నిజమైన మేనేజ్‌మెంట్ అని వాడు నమ్మేశాడు.

ఆ తర్వాత అదే కేసును తిరగేసి ఇచ్చాను. ముందు యార్డుకు పోవాలి. రైతుతో, మండీ వాళ్ళతో, హమాలీలతో మాట్లాడి అంకెలు చేత్తో రాసుకుని రావాలి. అప్పుడు ఆ అంకెలు ఏఐకి ఇచ్చి, 'నువ్వు జవాబు చెప్పొద్దు, అప్పు ఇవ్వాల్సిన బ్యాంకు మేనేజరులా మమ్మల్ని ప్రశ్నించు' అని అడగాలి. అది వేసిన ప్రశ్నలు నాకు కూడా తట్టలేదు. సూట్ అందరు వ్యాపారులూ ఒకేలా తీస్తారా? ఢిల్లీ వైపు కొనుగోళ్ళు తగ్గిన వారం ధర ఎంత పడింది? లారీ ఒక రోజు ఆలస్యమైతే కాయ బరువు ఎంత తగ్గుతుంది, ఆ నష్టం ఎవరిది? పిల్లల దగ్గర వీటికి జవాబుల్లేవు. మళ్ళీ యార్డుకు పోయారు. ఎవరూ బలవంతం చేయకుండా రెండోసారి పోయారు! ఈ సబ్జెక్టు చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి అలాంటిది నేను చూడలేదు.

పెద్ద బిజినెస్ స్కూళ్ళలో కనిపించిందీ దీనికి దూరంగా లేదు. 2023 జనవరిలో అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ క్రిస్టియన్ టెర్‌వీష్ తన ఎంబీఏ ఆపరేషన్స్ పరీక్షను చాట్‌జీపీటీకి పెట్టి చూశారు. బి, బి మైనస్ మధ్య గ్రేడు వస్తుందని తేల్చారు. కేసులకు వివరణ బాగా రాసింది కానీ ఆరో తరగతి స్థాయి కూడికలు, గుణకారాల్లో తప్పులు చేసిందని కూడా రాశారు. ఇప్పుడొచ్చే మోడళ్ళు లెక్కలు చాలా మెరుగ్గా చేస్తాయి. అయినా మా క్లాసులో ప్రతి అంకెనూ ఎక్సెల్‌లో ఇంకోసారి వేసి చూపించాలన్న నియమం ఉంచాను, దాన్ని తీసేయను.

నా పిల్లలకు తప్పకుండా చెప్పే ఇంకో అధ్యయనం ఉంది. 2023లోనే హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు, ఇంకొందరు కలిసి బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపు అన్న సలహా సంస్థలో 758 మంది కన్సల్టెంట్ల మీద చేసింది. చాట్‌జీపీటీ వెనకున్న జీపీటీ-4 మోడల్ చేయగలిగిన రకం పనుల్లో దాన్ని వాడినవాళ్ళు సగటున 12.2 శాతం ఎక్కువ పనులు, 25.1 శాతం వేగంగా పూర్తిచేశారు. మామూలు స్థాయికి దిగువన ఉన్నవాళ్ళు 43 శాతం మెరుగుపడితే, పైనున్నవాళ్ళు 17 శాతం మెరుగుపడ్డారు. దాని శక్తికి మించిన ఒక పని ఇచ్చినప్పుడు మాత్రం, వాడినవాళ్ళు సరైన జవాబు చెప్పే అవకాశం వాడనివాళ్ళకంటే 19 శాతం పాయింట్లు తగ్గింది. మొదటి అంకెలు చూసి మా పిల్లలు ధైర్యం తెచ్చుకోవాలి, ఈ చివరి అంకె చూసి జాగ్రత్తపడాలి. చీనీ సూట్ సరిగ్గా అలా దాని శక్తికి మించిన పని.

రిపోర్టు రాసింది పిల్లలా, యంత్రమా అని పట్టే సాఫ్ట్‌వేర్ల గురించి కూడా చెప్పాలి. ఇవి నాకు అస్సలు నచ్చలేదు. సొంతంగా, కష్టపడి, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలతో రాసుకొచ్చిన అమ్మాయి రిపోర్టును అలాంటి ఒక సాఫ్ట్‌వేర్ 'ఏఐ రాసింది' అని చూపించింది. ఆ పిల్ల నా ముందు ఏడ్చింది. ఆమె రాసిన రఫ్ నోట్సు మొత్తం చూసి మార్కులు వేశాను కాబట్టి సరిపోయింది. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా 2023 జనవరిలో ఇలాంటి పరికరం తెచ్చి, కచ్చితత్వం తక్కువగా ఉందని అదే ఏడాది జూలైలో తీసేసింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షిస్తే, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ అన్న ఇంగ్లీషు పరీక్ష కోసం రాసిన వ్యాసాల్లో సగటున 61 శాతానికి పైగా ఏఐ రాసినవని తప్పుగా చూపించాయి. మన పిల్లల ఇంగ్లీషు ఆ కోవలోదే. ఈ అంకె తెలిసిన ఏ కాలేజీ అయినా డిటెక్టర్ మాట విని మార్కులు కోయకూడదు. పది నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి వైవా, అంటే నోటి పరీక్ష, అడిగితే ఎవరు రాశారో తెలిసిపోతుంది. కావాలంటే తెలుగులోనే అడగొచ్చు. నేను ఇంటర్నల్ మార్కుల్లో ఎక్కువ భాగం వైవాకే పెట్టాను. సెమిస్టర్ పరీక్ష మూడు గంటలు పెన్నుతో రాయాల్సిందే కదా, ఆ హాల్లో ఏఐ ఉండదు.

ఇక ఉద్యోగాలకు తయారవడం. నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది మాక్ ఇంటర్వ్యూలనే. నోటితో మాట్లాడించే చాట్‌జీపీటీ వాయిస్, గూగుల్ వాళ్ళ జెమిని లైవ్ రెండూ వాడించాం. ముందు తెలుగులో అడిగిస్తాం, ఇంటి గురించి, చేసిన పని గురించి. జవాబు కుదిరాక అదే ఇంగ్లీషులో. మనిషి ముందు తడబడితే నవ్వుతారేమో అన్న టెన్షన్ లేకపోవడంతో పిల్లలు మాట్లాడటం మొదలుపెట్టారు. మొదటి సెమిస్టర్‌లో పేరు చెప్పడానికే తలదించుకున్న అబ్బాయి, చివరి సెమిస్టర్‌లో ఒక బ్యాంకు సేల్స్ ఉద్యోగం ఇంటర్వ్యూలో కోపంగా ఉన్న కస్టమర్‌తో ఎలా మాట్లాడతాడో చేసి చూపించాడు. అదంతా ఫోన్‌తో సాధన చేసిందే.

లోపాలూ ఉన్నాయి. మన సీమ మాట దానికి సరిగా వినబడదు. 'చెప్తాండా', 'పోతాండాము' అంటే ఇంకేదో రాసుకుంటుంది. పిల్లవాడు ఆలోచించడానికి ఒక్క క్షణం ఆగితే, మాట అయిపోయిందనుకుని మధ్యలో దూరుతుంది. అన్నిటికంటే చెడ్డది పొగడ్త. ఎంత పేలవమైన జవాబు చెప్పినా బాగుందంటుంది. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీ అప్‌డేట్ ఒకటి మరీ ముఖస్తుతి చేస్తోందని ఓపెన్‌ఏఐ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత తగ్గింది కానీ పోలేదు. అందుకే 'పొగడొద్దు, ఈ జవాబు విని నన్ను ఎందుకు తీసుకోరో మూడు కారణాలు చెప్పు' అని ముందే చెప్పమంటాను. దాంతో చాలా తేడా వస్తుంది. వారానికి ఒకసారైనా మనిషి ఎదురుగా కూర్చుని మాక్ ఇంటర్వ్యూ చేయాలి. ఆ పని మానేసి మొత్తం ఫోన్‌కు అప్పగించిన ఏడాది, బెంగళూరు నుంచి వచ్చిన ఒక హెచ్‌ఆర్ నాతో అన్నారు, వరుసగా కూర్చున్న పిల్లలందరూ తమ బలహీనత ఒకటే చెప్పారని. 'నేను పనిలో పర్ఫెక్షన్ కోరుకుంటాను' అట.

రెజ్యూమేల సంగతీ అంతే. ధర్మవరం అబ్బాయి ఒకడు ఏఐతో రాయించుకున్న రెజ్యూమేలో 'పట్టు సప్లై చెయిన్‌ను ఆప్టిమైజ్ చేశాను' అని ఉంది. దాని అర్థం అడిగితే తెలియదు. ఇంట్లో ఏం చేస్తావురా అంటే చెప్పుకొచ్చాడు. రెండు మగ్గాలు, ముడిపట్టు ధర పెరిగినప్పుడు ఎంత కొనాలో నాయనతో కూర్చుని లెక్క వేస్తాడు, చీరలు పోయిన షాపుల బాకీలు నోటుబుక్కులో రాసి వసూలు చేస్తాడు. బీకాం నుంచి ఇదే పని. అది నిజమైన అనుభవం, పెద్ద కాలేజీ పిల్లలకు దొరకనిది! దాన్నే మామూలు మాటల్లో రాయించాం. ఆ తర్వాత అక్షర దోషాలు దిద్దడానికి మాత్రమే ఏఐకి ఇచ్చాం. యంత్రానికి రెజ్యూమే ఇచ్చేముందు పిల్లవాడితో ఒక మనిషి మాట్లాడాలి, ఇది ప్లేస్‌మెంట్ సెల్‌ల పని. వీడియో ఇంటర్వ్యూలో ఏఐ ముఖం చూసి మార్కులేస్తుందని భయపెట్టే ట్రైనర్లు ఇంకా ఉన్నారు. ఆ రంగంలో పెద్దదైన హైర్‌వ్యూ సంస్థ ముఖ కవళికలు చూసే భాగాన్ని 2021లోనే మానేస్తున్నట్టు ప్రకటించింది. జవాబు మీద దృష్టి పెట్టమని పిల్లలకు చెప్పండి.

ఇంటర్న్‌షిప్‌కు పోయినచోట డీలర్ల లిస్టులు, ధరలు తెచ్చి చాట్‌లో అతికించడం మాత్రం పూర్తిగా ఆపించాలి. అది పిల్లల సొత్తు కాదు.

ఖర్చు మాటకొస్తే, ఇప్పటివరకు మా పిల్లలు నడిచింది ఉచిత ఆఫర్ల మీద. గూగుల్ విద్యార్థులకు ఏడాది పాటు తన ఏఐ ప్రో ప్లాన్ ఇచ్చింది, ఎయిర్‌టెల్ సిమ్ ఉన్నవాళ్ళకు పర్‌ప్లెక్సిటీ అన్న ఏఐ వచ్చింది. 2025 ఆగస్టులో నెలకు 399 రూపాయలతో మొదలైన చాట్‌జీపీటీ గో ప్లాన్, నవంబరులో ఏడాది ఉచితమైంది. ఈ గడువులు తీరాక నెలకు 399 కట్టగలిగే పిల్లలు మా క్లాసులో కొద్దిమందే. ఆడపిల్లల హాస్టల్‌లో ఫోన్ వాడే సమయం మీద ఆంక్షలుంటాయి, కొందరికి ఇంట్లో ఫోన్ అన్నదే అన్నదమ్ముల చేతిలో ఉంటుంది. సాయంత్రం ల్యాబ్ తెరిచి ఉంచకపోతే ఈ సాధన మగపిల్లలకే దక్కుతుంది. మా దగ్గర అమ్మాయిల కోసం ల్యాబ్ సమయం పొడిగించమని అడుగుతూనే ఉన్నాం, ఇంకా పూర్తిగా సాధించలేదు.

కౌన్సెలింగ్‌కు ముందు కాలేజీ చూడటానికి పోయేవాళ్ళు ఏఐ సర్టిఫికెట్ల బోర్డు చూసి ఆగిపోవద్దు. పోయినేడాది పిల్లలు చేసిన ప్రాజెక్టు రిపోర్టు ఒకటి చూపించమనండి. అందులో మీ ఊరి అంకె ఒక్కటైనా ఉందా, ఆ పిల్లలు ఎవరిని కలిసి ఆ అంకె తెచ్చారో రాశారా చూడండి. వైవా ఎవరు తీసుకుంటారు, మాక్ ఇంటర్వ్యూలో ఎదురుగా మనిషి కూర్చుంటాడా, ల్యాబ్ సాయంత్రం ఎన్ని గంటల దాకా తెరిచి ఉంటుంది, ఇవి అడగండి. కాలేజీవాళ్ళు జవాబు చెప్పేటప్పుడు మీతోపాటు సీనియర్ విద్యార్థి ఎవరైనా ఉండేలా చూసుకోండి.