ఓడ జాబితాలో మా అప్పన్న: డబ్బిచ్చిన రిపోర్టుకి ఒక స్టారు, ఉచిత జాబితాకి నాలుగున్నర

మా ముత్తాత తమ్ముడు అప్పన్న దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకి వెళ్ళిపోయాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఎప్పుడంటే మాత్రం మా నాయనమ్మది ఒకటే మాట: "హేవిళంబిలో పోయాడు, మళ్ళీ రాలేదు."

డర్బన్‌లో ఉన్న ఆయన మునిమనవడు, నాకు వరసకి తమ్ముడు, రెండేళ్ళ కిందట ఫేస్‌బుక్‌లో నన్ను పట్టుకున్నాడు. తెలుగు రాదు గానీ ఉగాది పచ్చడి మానలేదట. అప్పన్న సమాధి రాయి ఫొటో పంపాడు. పుట్టింది 1875 జనవరి 1 అని చెక్కి ఉంది. నాకు నవ్వొచ్చింది. బళ్ళో మాస్టారు జూలై 1 అని రాసేసిన పుట్టినరోజులు మా తరంలో ఎన్ని లేవు!

ఇద్దరం కలిసి 18,000 రూపాయలు వేసుకుని ఒక వంశచరిత్ర సంస్థకి పని అప్పగించాం. పేరు రాయను. మూడు నెలలకి 14 పేజీల రిపోర్టు వచ్చింది, రంగుల చెట్టు బొమ్మతో సహా. దాని ప్రకారం మా అప్పన్న 1888లో డర్బన్‌లో దిగాడు, అప్పటికి వయసు 18. ఎస్టేట్ ఫైల్లోని (అంటే పోయినవాళ్ళ ఆస్తి వ్యవహారాల ఫైలు) మరణ పత్రంలో 1931లో పోయాడని, వయసు 60 అని ఉంది. ఎటు లెక్కేసినా 1870, 71 దగ్గరే పుట్టాడు, సరిపోయింది కదా అన్నారు. మరి హేవిళంబి (1897-98) సంగతేమిటని అడిగితే, పెద్దవాళ్ళ మాటలు నమ్మలేమండీ అని జవాబు.

నేను ముప్ఫై నాలుగేళ్ళు పోస్టాఫీసులో చేశాను. పాత కవరు మీద పంపిన ఊరి ముద్ర ఒక తేదీతో, అందిన ఊరి ముద్ర ఇంకో తేదీతో ఉంటాయి. రెంటిలో ఏదో ఒకటి తప్పని ఏ పోస్ట్‌మ్యానూ అనడు. అందుకే పెద్దవాళ్ళ మాటని అంత తేలిగ్గా తీసిపారేయడం నాకు నచ్చలేదు. నేనే కూర్చున్నాను.

క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ వాళ్ళ ఓడ జాబితాలు ఉన్నాయి, ఉచితం. 1860 నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా వెళ్ళిన 1,52,184 మంది లెక్క. మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళే. ఒక్కొక్కరికీ ఒక కలోనియల్ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. ఒంటి మీద పుట్టుమచ్చలు, మచ్చల గుర్తులు కూడా. మొదటిసారి చూసినప్పుడు రాత్రి రెండింటి దాకా లేవలేదు.

వెతకడం మాత్రం ఓపిక పని. శ్రీకాకుళం అని కొడితే ఏమీ రాదు. అప్పటి రాత చికకోల్. జిల్లా విశాఖపట్నం కాదు, గంజాం. 1936లో ఒరిస్సా ఏర్పడ్డాకే మా వైపు విశాఖలో కలిసింది. ఊరి పేర్లు గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు, మా ఊరిని మేమే పోల్చుకోలేకపోయాం. ఇక సింహాచలం దేవుడి పుణ్యమా అని మా జిల్లాలో రాయి విసిరితే ఓ అప్పన్నకి తగులుతుంది. తండ్రి పేరు గడి లేకపోతే నేనూ చేతులెత్తేసేదాన్ని. 1898 మే నెలలో దిగిన ఒక అప్పన్న, వయసు 22, తండ్రి పేరు మా ముత్తాత తండ్రి పేరే. 1888 నాటి అప్పన్నకి ఆ గడి ఖాళీ.

తమ్ముడు చెప్పిన ఇంకో ముక్కతో అనుమానం పూర్తిగా తీరింది. మూడు పౌన్ల పన్ను (ఒప్పందం గడువు తీరాక అక్కడే ఉండిపోయినవాళ్ళు ఏటా కట్టాల్సింది) కట్టలేక ముసలాయన మళ్ళీ ఒప్పందం రాసిచ్చాడని వాళ్ళ ఇంట్లో చెప్పుకుంటారు. ఆ పన్ను 1895 చట్టంతో వచ్చింది, ఆ తర్వాత దిగినవాళ్ళకే వర్తించింది. 1913లో అక్కడి భారతీయ కూలీలు సమ్మె చేశాక, 1914లోగానీ పోలేదు. 1888లో దిగిన మనిషికి దాంతో పనే లేదు.

అయినా ఒక ముడి మిగిలింది. హేవిళంబి 1897 ఉగాదికి మొదలై 1898 మార్చిలో అయిపోయింది. ఓడ దిగింది మేలో, అంటే విళంబిలో. మా ట్రంకు పెట్టెలో ఆయన అన్నకి భూమిలో తన వాటా వదులుకున్న కాగితం ఉంది, తేదీ లేదు, ఫసలీ (భూమి శిస్తు లెక్కల ఏడాది) 1307 అని మాత్రమే ఉంది. మద్రాసు ఫసలీకి 590 కలపాలి, ఏడాది జూలై 1న మొదలవుతుంది. అంటే 1897 జూలై నుంచి 1898 జూన్ లోపల. (నిజాం ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది, తెలంగాణ వాళ్ళు ఈ లెక్క గుడ్డిగా వాడకండి.) నాయనమ్మ చెప్పింది ఇల్లు వదిలిన రోజు. జాబితా చెప్పేది డర్బన్‌లో దిగిన రోజు. నడుమ మద్రాసు డిపోలో ఓడ కోసం పడిగాపులు, ఆపైన వారాల తరబడి సముద్రం. వాటా వదులుకుని, ఉగాదికి ముందే ఊరు దాటాడన్నమాట.

వయసుల దగ్గర మాత్రం జాబితాని కూడా నమ్మకండి. 22 అనేది మొహం చూసి వేసిన అంకె కావచ్చు. 1931లో 60 అన్నది కొడుకు ఉజ్జాయింపుగా చెప్పింది. పుట్టిన ఏడాది 1876కి అటూ ఇటూ అని పెన్సిల్‌తో రాసుకున్నాను. తమ్ముడు సమాధి రాయి మార్పిస్తానన్నాడు, వద్దన్నాను. అర స్టారు తగ్గించింది ఈ వయసుల వల్లే.

ఆ 14 పేజీల రిపోర్టు పారేయలేదు. ఆ 1888 అప్పన్నది టెక్కలి వైపు ఊరు. మీ ఇంట్లో ఎవరైనా ఆ ఏడు నేటాల్ వెళ్ళి ఉంటే అడగండి, పంపిస్తాను. చెట్టు బొమ్మ బాగానే వేశారు, వేర్లు మాత్రం మావి కావు.