పోస్టులో వస్తుందని నమ్మి గద్వాల చీర తెప్పించుకోకండి

"మగ్గం నుంచి నేరుగా మీ ఇంటికి" అని రోజూ లైవ్ పెట్టే చీరల పేజీ ఉంది కదా, మన నల్లగొండ వైపు చాలామంది ఫాలో అవుతున్నదే. పేరు రాయను, చూస్తున్నవాళ్లకి అర్థమైపోతుంది. అందులో ఎవరూ ఏమీ కొనకండి. ఈమధ్యే మా అమ్మవి మూడున్నర వేలు పోయాయి, మంట ఇంకా చల్లారలేదు.

బతుకమ్మకి అమ్మకి చీర. ఆ పేజీవాడు ముందే ఫోన్‌పే చేయమంటే కుదరదన్నా. "అయితే వీపీ పార్సిల్ పంపిస్తా అన్నా, ఇంటికొచ్చాకనే పైసలు కట్టండి. గవర్నమెంట్ పోస్టు, మోసమేముంటది" అన్నాడు. నేనేదో పెద్ద బేరం గెలిచినట్టు మురిసిపోయా, గొప్ప తెలివి!

పార్సిల్ దేవరకొండ దగ్గర మా ఊరికి వచ్చింది. నేను డ్యూటీలో ఉన్నా. అమ్మకి పోస్టాయన మీద ఎంత నమ్మకమంటే, నెలనెలా ఆసరా పింఛను 2,016 రూపాయలు చేతిలో పెట్టేది ఆయనే. ఆయన సంచిలోంచి వచ్చినదాన్ని ఆమె ఎందుకు అనుమానిస్తుంది? దాచుకున్న పింఛను పైసలు తీసి కట్టేసింది. వీపీలో డబ్బు కట్టాకే విప్పాలి, అది రూలు. ఆయన మాత్రం ఏం చేస్తాడు.

గద్వాల చీరంటే ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ కలిసేచోట కుప్పడం అనే అతుకు వేలికి తగులుతుంది. ఇది ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఒకటే పాలిస్టర్. అంచు మీద జరీ నేసింది కాదు, అచ్చు గుద్దింది. తిప్పి చూస్తే వెనక ఏమీ లేదు. అమ్మ గోరుతో గీకితే గోటికి బంగారు రంగు పొడి అంటుకుంది.

సాయంత్రం ఇంటికెళ్లి స్పీకర్‌లో పెట్టి ఫోన్ చేశా. మొన్నటిదాకా "అన్నా, అన్నా" అన్న గొంతు మారిపోయింది. "మా దగ్గర్నుంచి పోయింది అసలు గద్వాల చీరే. నడుమ మీ పోస్టోడే మార్చుకుని ఉంటడు, పోయి వాణ్ణి అడుగు" అన్నాడు. అమ్మ పక్కనే కూర్చుని వింటోంది. "గట్లెట్ల అంటడు బిడ్డా, ఆయన గసుంటోడు కాదు" అంది. తన డబ్బు పోయిన సంగతి వదిలేసి పోస్టాయన మీద పడ్డ నింద గురించి బాధపడింది. అమ్మేటప్పుడు అదే పోస్టు పేరు చెప్పి నమ్మించాడు, దొరికిపోయాక అదే పోస్టు మీదికి తోసేశాడు. ఎండలో పార్సిల్ మోసుకొచ్చిన మనిషిని దొంగని చేశాడు. నేను నోరు తెరిచేలోపే కట్ చేసి బ్లాక్ చేశాడు.

అప్పుడు కవర్ మీది బార్‌కోడ్ నంబరు ట్రాకింగ్‌లో కొట్టా. బుక్ చేసింది గద్వాలలో కాదు, సూరత్‌లో! ఏ మగ్గం, ఏ నేరుగా?

పోస్టాఫీసులో అడిగితే వాళ్లు చెప్పింది ఒకటే. పార్సిల్ చేర్చడం, డబ్బు వసూలు చేసి పంపినవాడికి ఇవ్వడం వరకే వాళ్ల పని, లోపల చీరుందో చింకి గుడ్డ ఉందో వాళ్లు చూడరు. మోసమైతే వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వమన్నారు, ఇచ్చాం. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా పెట్టా, చూద్దాం.

కొనేవాళ్లు పైసలు కట్టకముందే ఆ నంబరు ట్రాక్ చేసి ఎక్కడ బుక్కయిందో చూడండి. చెప్పిన ఊరు కాకపోతే తీసుకోకుండా తిప్పి పంపేయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ముందే చెప్పి ఉంచండి. ఆన్‌లైన్‌లో కట్టి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇంకో సంగతి, వాడు ఇప్పుడు నారాయణపేట చీరలని ఇంకో పేజీ మొదలుపెట్టాడు. ఫోటోలు కొత్తవే కానీ లైవ్‌లో మాట్లాడే గొంతు మాత్రం వాడిదే.