గాలిలో గుండ్రంగా తిరగడం నేర్చుకోవడానికి ఎక్స్-ప్లేన్ 12 అనే విమాన సిమ్యులేటర్ ఎంత పనికొస్తుంది?

ఐదుకి మూడున్నర. బ్యాంక్, అంటే విమానం పక్కకి ఒరిగే కోణం, ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో చేతికి అలవాటు చేస్తుంది, కంటికి మాత్రం ఏమీ నేర్పదు.

ఎస్-టర్న్‌లు (ఎస్ ఆకారపు మలుపులు), రెక్టాంగ్యులర్ కోర్స్ (దీర్ఘచతురస్రంగా ఎగరడం) కూడా చేయొచ్చు గానీ దీని అసలు ఉపయోగం టర్న్స్ అరౌండ్ ఎ పాయింట్‌లోనే, అంటే నేల మీది ఒక గురి చుట్టూ ఒకే దూరంలో తిరగడంలోనే తెలుస్తుంది. అందుకు అమెరికాలో కాన్సాస్‌లోని విచిటా పరిసరాలు ఎంచుకోండి. అక్కడి పొలాల రోడ్లు మైలుకొకటి చొప్పున గళ్ళు గీసినట్టు ఉంటాయి, ఏ కూడలైనా గురిగా పనికొస్తుంది. సముద్ర మట్టం నుంచి నేల ఎత్తే దాదాపు 1,300 అడుగులు, కాబట్టి ఆల్టీమీటర్ (ఎత్తు చూపే మీటర్) 2,100 చూపిస్తే నేల నుంచి 800 మీద ఉన్నట్టు. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) ప్రైవేట్ పైలట్ పరీక్షలో అడిగేది నేల నుంచి 600–1,000 అడుగుల మధ్య ఎత్తు. ఎత్తులో తేడా 100 అడుగులు, వేగంలో 10 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) దాటకూడదు.

వాతావరణాన్ని మాన్యువల్‌లో పెట్టి, దక్షిణం నుంచి 15 నాట్ల గాలి ఇవ్వండి. గస్ట్‌లు (గాలి విసుర్లు), టర్బులెన్స్ (కుదుపులు) సున్నా. సెస్నా 172 అనే చిన్న విమానంలో గుండ్రటి మీటర్లున్నదే తీసుకోండి. జీ1000 అనే డిజిటల్ తెర గాలి బాణం గీసి చూపిస్తుంది, అది పరీక్షలో స్లిప్పు పెట్టుకోవడమే.

95 నాట్లతో ఉత్తరానికి, అంటే గాలిని వీపున పెట్టుకుని వెళ్తూ, కూడలి పావు నాటికల్ మైలు దూరంలో ఎడమ రెక్కకి సరిగ్గా ఎదురుగా వచ్చినప్పుడు తిరగడం మొదలెట్టండి. నేల మీద వేగం అక్కడ 110, బ్యాంక్ సుమారు 35 డిగ్రీలు కావాలి. ఎదురుగాలిలో వేగం 80కి పడిపోతుంది, 20 చాలు. ఉత్తరపు అంచున పడమరకి సాగేటప్పుడు గాలి పక్కకి నెట్టకుండా దిక్సూచిలో ముక్కు 270 (సరిగ్గా పడమర) కాదు, 261 మీద ఉండాలి. అంటే మొదటి పావు చుట్టులో 90 కాదు, 99 డిగ్రీలు తిరగాలి. దక్షిణపు అంచున తూర్పుకి పోయేటప్పుడు ముక్కు 99 మీద, చుట్టు బయటికి చూస్తూ ఉంటుంది. అందరూ తప్పేది ఇక్కడే: మొదట్లో బ్యాంక్ చాలక చుట్టు ఉత్తరానికి జారిపోతుంది, దాన్ని రడ్డర్‌తో (కాళ్ళతో తిప్పే తోక చుక్కానితో) లాక్కురాబోతే, విమానం పక్కకి జారడాన్ని చూపే మీటర్‌లోని బాల్ పక్కకి పోతుంది.

చుట్టు అయ్యాక రీప్లేలో 3డీ ఫ్లైట్ పాత్ వేసి చూడండి. గుండ్రమా, కోడిగుడ్డా అన్నది దాచలేరు. నిజం విమానంలో ఇంత స్పష్టంగా కనపడదు, నా లెక్కలో డబ్బు పెట్టేది దీనికే.

ఇక లోపాలు. ఒక్క మానిటర్ మీద ఎడమ కిటికీ కనపడదు. హ్యాట్ స్విచ్‌తో (జాయ్‌స్టిక్ మీది చూపు తిప్పే బొత్తాంతో) తల తిప్పే లోపు ఎత్తు 150 అడుగులు పోతుంది. తల కదలికని పట్టే పరికరం లేకుండా ఈ అభ్యాసం సగమే. బ్యాంక్ ఎక్కువైతే రెక్క కూడలిని కప్పేస్తుంది. అసలు 172లో కొంచెం వంగి చూస్తారు, ఇక్కడ అది అంత సులువు కాదు. పెడల్స్ కొనకపోతే రడ్డర్ పాఠం ఎగిరిపోయినట్టే. ఇంటి కాపీలో గడిపిన గంటలు లాగ్‌బుక్‌కి ఎక్కవు. కొనేముందు ఉచిత డెమోలో మీ కంప్యూటర్ లాగుతుందో లేదో చూసుకోండి.