ఆర్‌ఏ ఫ్యాక్టరా, యాంటీ సీసీపీనా?

పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి, చేతి కీళ్లు వాచి వారాలు గడిస్తే డాక్టర్లు సాధారణంగా ఈ రెండు రక్తపరీక్షలు రాస్తారు. రెండూ రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను, అంటే మన రోగనిరోధక శక్తే మన కీళ్లపై దాడి చేసే జబ్బును, గుర్తించడానికే.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాతది. 1940లో నార్వే వైద్యుడు ఎరిక్ వాలర్ దాని గురించి రాశారు. రోగాలతో పోరాడే మన సొంత ఐజీజీ రకం యాంటీబాడీలకే అతుక్కునే మరో యాంటీబాడీ ఇది. చవక, చిన్న ల్యాబుల్లోనూ చేస్తారు. చిక్కల్లా, హెపటైటిస్ సి, టీబీ ఉన్నవాళ్లలోనూ, ఏ జబ్బూ లేని కొందరు పెద్దవాళ్లలోనూ పాజిటివ్ వస్తుంది. మోకాళ్లు అరిగిన పెద్దావిడకు ఈ ఒక్క రిపోర్టు చూసి రుమటాయిడ్ అని ముద్ర వేయడం అన్యాయం.

యాంటీ సీసీపీ పరీక్ష, సిట్రులిన్ అనే అమైనో ఆమ్లం చేరిన ప్రొటీన్లపై తయారయ్యే యాంటీబాడీలను వెతుకుతుంది. జబ్బును పట్టడంలో రెండూ దాదాపు సమానమే: 100 మంది రోగుల్లో సుమారు 70 మందిలో పాజిటివ్. జబ్బు లేనివాళ్లకు నెగెటివ్ చూపడంలోనే అసలు తేడా. ఆర్‌ఏ ఫ్యాక్టర్‌ది సుమారు 85 శాతం, దీనిది 95. పైగా కొందరిలో నొప్పులు మొదలయ్యే కొన్నేళ్ల ముందే రక్తంలో కనిపిస్తుంది. ఎముకలు దెబ్బతినే ముప్పునూ సూచిస్తుంది. ఖర్చు ఎక్కువే, అయినా ఒక్కటే చేయించే వీలుంటే నా ఓటు దీనికే.

పాయింట్లు లెక్కేసి రుమటాయిడ్‌ను గుర్తించే 2010 అంతర్జాతీయ ప్రమాణాల్లో మాత్రం రెండింటికీ ఒకే విలువ. ఏది ల్యాబ్ పరిమితికి 3 రెట్లు దాటినా 3 పాయింట్లు. రుమటాయిడ్ అనడానికి 10కి 6 రావాలి; అందుకు కీళ్ల వాపు, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు, 6 వారాల వ్యవధి కూడా చూడాలి. రెండూ నెగెటివ్ వచ్చినా వాపు తగ్గకపోతే రుమటాలజిస్ట్‌ను కలవాల్సిందే.